కొలువు వెదుకులాట: శ్రీనాథుని చాటువుల్లో పురుషభేదం

ప్రస్తావన

తెలుగులో ‘కొలువు’ అన్న మాట రెండు అర్థాలను ఒకే చోట నిలుపుకొన్నది. రాజు తీర్చిన సభ కొలువు. ఆ సభలో ఒకరికి దొరికిన పని కూడ కొలువే. రాజసభలు పోయి తరాలు గడిచినా ఉద్యోగ నియామకాల వార్తలకు పత్రికలు ‘కొలువులు’ అన్న శీర్షికనే వాడుతున్నాయి. ‘ఉద్యోగం’ అన్న మాట నడిచిన దారి వేరు. సంస్కృతంలో అది ప్రయత్నానికి, సన్నాహానికి పేరు. భారతంలోని ఉద్యోగపర్వం యుద్ధసన్నాహాన్ని చెప్పేది. తెలుగు వాడుకలో అదే మాట జీతం వచ్చే పదవికి పేరైంది. దాని వ్యతిరేకమైన ‘నిరుద్యోగం’ వ్యుత్పత్తిని బట్టి ప్రయత్నం లేకపోవడం. పని కోసం అందరికంటె ఎక్కువగా ప్రయత్నించేవానికి ప్రయత్నం లేనివాడన్న పేరు స్థిరపడింది. ఈ వైరుధ్యం ఒక్క మాటకు పరిమితమైనది కాదు. ఆశ్రయం పొందిన కవులకు, ఆశ్రయాన్ని తిరస్కరించిన కవులకు సాహిత్యచరిత్రలో స్థిరమైన స్థానాలున్నాయి. ఆశ్రయం వెదుకుతూ తిరిగిన కాలాన్ని మాత్రం ఆ చరిత్ర కవి జీవితంలోని మధ్యంతర ఘట్టంగా దాటిపోతుంది.

ఆ మధ్యకాలాన్ని గురించి తెలుగులో నిలిచిన అతి విస్తృతమైన పద్యసముదాయం శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు. వీటిని భోగి అయిన కవి చమత్కారాలుగానో, ఆయన జీవితచరిత్రకు ఆకరాలుగానో చదవడం పరిపాటి. కొలువు కోల్పోయి మరొక కొలువును వెదికే మనిషి స్థితిని ఇవి వ్యాకరణపరంగానే నిర్మించాయని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. వెదుకులాటలో ‘నేను’, పరీక్షకు నిలిచినప్పుడు ‘నీవు’, ఓడినప్పుడు ప్రథమపురుష: ఈ మార్పు నాలుగు ప్రసిద్ధ చాటువుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. వీటిలో కన్నడదేశానికి సంబంధించిన పద్యాన్ని సరిహద్దు సీమ అయిన పెద్దతిప్పసముద్రం వైపు నుంచి చదివినప్పుడు తేలే అంశాలను కూడ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఆకరాల స్వభావం

చాటువుల కర్తృత్వం నిర్ధారణకు లొంగేది కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి ‘చాటుపద్యమణిమంజరి’గా సేకరించి ప్రకటించేవరకు ఇవి ప్రధానంగా మౌఖిక ప్రచారంలోనూ చెదురుమదురు వ్రాతల్లోనూ బ్రతికాయి. ఒక కవికి చెందిన పద్యం మరొక కవి పేర చెల్లడం, పాఠాంతరాలు పెరగడం ఈ సంప్రదాయంలో సహజం. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో ప్రకటించిన చాటు అనువాద సంపుటం ఈ పద్యాలను వేర్వేరు కవుల రచనలుగా కాక, పండిత సమాజం తన కవులను గురించి అల్లుకున్న ఒక వ్యవస్థగా చూడవలసిన అవసరాన్ని గుర్తుచేసింది.

ఈ వ్యాసానికి ఆ దృష్టి అడ్డంకి కాదు, ఆధారం. ఒక పద్యాన్ని శ్రీనాథుడే చెప్పి ఉంటే అది ఒక కవి అనుభవానికి సాక్ష్యం. ఇతరులు చెప్పి ఆయన పేర నిలిపి ఉంటే దాని విలువ మరో విధంగా పెరుగుతుంది. కొలువు కోల్పోయిన పండితుని కష్టం చెప్పుకోవడానికి సమాజానికి ఒక పేరు కావలసివచ్చింది. అందరిలోకి పెద్ద బిరుదున్న కవి పేరునే అది ఎంచుకొన్నది. కాబట్టి ఇక్కడ ‘శ్రీనాథుడు’ అన్నప్పుడు చాటువుల్లో మాట్లాడే వ్యక్తి అని గ్రహించాలి. కావ్యావతారికల నుంచి, శాసనాల నుంచి తెలిసే శ్రీనాథుని ప్రసక్తి వచ్చిన చోట ఆ ఆకరాన్ని విడిగా పేర్కొనడం జరిగింది.

పదవి, పదవీభ్రంశం

కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి (1402–1420) కాలపు శాసనాలు శ్రీనాథుని విద్యాధికారిగా పేర్కొన్నాయి. ఇది కవిగా దొరికే సత్కారం కంటె భిన్నమైనది. శాసనపాఠాలు కూర్చడం, ఆస్థానానికి వచ్చిన పండితుల యోగ్యతను తూచడం ఆ పదవికి చెందిన పనులు. అంటే ఇతరుల విద్యను పరీక్షించే స్థానంలో ఆయన కొంతకాలం కూర్చున్నాడు. పెదకోమటి వేముని తరువాత కొండవీటి రాజ్యం ఎక్కువకాలం నిలవలేదు. 1424 ప్రాంతంలో అంతరించింది. పరీక్షాధికారి పరీక్షార్థి అయ్యాడు. తరువాతి చాటువుల్లోని ఉద్వేగానికి మూలం ఈ తలక్రిందులైన స్థితిలో ఉంది.

కృతిభర్తల పట్టిక కూడ ఈ దృష్టితో చూడదగినది. ‘శృంగారనైషధం’ మామిడి సింగనామాత్యునికి, ‘భీమఖండం’ బెండపూడి అన్నయమంత్రికి, ‘హరవిలాసం’ అవచి తిప్పయసెట్టికి, ‘కాశీఖండం’ రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికి అంకితమయ్యాయి. మంత్రులు ఇద్దరు, సముద్రవ్యాపారం చేసిన వర్తకుడు ఒకడు, రాజు ఒకడు. ఒకే ఆస్థానాన్ని నమ్ముకొని జీవితం గడిపిన కవికి ఇటువంటి పట్టిక ఉండదు. తిప్పయసెట్టి వంటి వర్తకుడు కృతిభర్త కావడం ఆశ్రయమనే వ్యవస్థ రాజసభ గోడలు దాటి బజారు దాకా విస్తరించిందని చెబుతుంది. ఆ విస్తరణను తెలిసి వినియోగించుకొన్నవాడు శ్రీనాథుడు. నారాయణరావు, షుల్మన్ 2012లో ప్రకటించిన గ్రంథం శీర్షికలోనే ఆయనను దేవుళ్ళనూ రాజులనూ తయారుచేసిన కవిగా పేర్కొన్నారు. కావ్యాల విషయంలో ఈ నిర్ణయం సమంజసం. అయితే రాజులను తయారుచేసే కవికి కూడ ఒక రాజుకూ మరొక రాజుకూ నడుమ దినవెచ్చం గడవాలి. ఆ నడిమి రోజులను కావ్యాలు చెప్పలేదు, చాటువులు చెప్పాయి.

ఉత్తమపురుష: కన్నడ రాజ్యలక్ష్మికి విన్నపం

విజయనగర ప్రవేశానికి ఎదురుచూస్తూ చెప్పినట్లు ప్రసిద్ధమైన చాటువు కన్నడ రాజ్యలక్ష్మిని తల్లీ అని సంబోధిస్తుంది. కవి తాను చేసిన పనులు వరుసగా ఏకరువు పెడతాడు. తలకు కుల్లాయి పెట్టాడు, కోక చుట్టాడు, పెద్ద అంగీ తొడిగాడు. వెల్లుల్లి, నువ్వులపిండి తిన్నాడు. పులిసిన మజ్జిగ కలిపిన అంబలి త్రాగాడు. రుచి చూడడమే దోషమనుకొని రుచులను వదులుకొన్నాడు. ఇంత చేసినా దయ రాలేదా అని అడిగి, చివరికి తన పేరు చెప్పి ముగిస్తాడు.

పద్యంలో ఉత్తమపురుష భూతకాల క్రియలు ఆరు. మొదటి మూడు వేషానికి, చివరి మూడు ఆహారానికి చెందినవి. ఆరూ సమాపకక్రియలే. ఒకదానిలో ఒకటి కలిసిపోయే క్త్వార్థకాలు వాడే వీలున్నా పద్యం వాడలేదు. ప్రతి లొంగుబాటూ విడిగా ముగిసి, విడిగా లెక్కకు వస్తుంది. కొలువు ఇచ్చేవారు అడిగినవి, అడగకముందే తాను ఊహించి చేసినవి అన్నీ జాబితాగా సమర్పించడం ఇక్కడి పద్ధతి. ఈ ఆరు క్రియల్లో ఒక్కటి కూడ కవిత్వానికి సంబంధించినది కాదు. చదివాననీ వ్రాశాననీ గెలిచాననీ ఆయన చెప్పలేదు. పని ఇచ్చే వాకిట విద్యకంటె ముందు వేషం, ఆహారం పరీక్షకు వస్తాయన్న గ్రహింపు ఈ మౌనంలో ఉంది.

చివరి వాక్యం దీనికి పూర్తిగా భిన్నం. ‘నేను ఫలానావాణ్ణి’ అన్న ఆ వాక్యంలో క్రియ లేదు. ఆరు క్రియలూ మార్చుకొన్న మనిషిని చెబితే, క్రియలేని ఏడో వాక్యం మారని మనిషిని చెబుతుంది. దీనిని అహంకారంగా వ్యాఖ్యానించడం కద్దు. కాని పేరు చెప్పుకోవలసి రావడంలోనే ఆ పేరు అక్కడ చెల్లడం లేదన్న సూచన ఉంది. కొండవీట ఆయన పేరు ఆయన చెప్పుకోవలసిన పనిలేదు. అభిమానమూ నిస్సహాయతా ఒకే నామవాక్యంలో ఇమిడిపోవడం ఈ పద్యపు బలం.

ఈ పద్యం గుర్తించని ఒక మనిషి కూడ ఇందులో ఉన్నది. ఆ ఆహారాన్ని వడ్డించిన స్త్రీని కవి ‘విశ్వస్త’ అన్నాడు. విధవ అని అర్థం. ఆమె చేత వడ్డించుకొని తినవలసి రావడం ఆయన దృష్టిలో ఒక అవమానం. లెక్కలో అదీ చేరింది. ఒంటరి స్త్రీ బాటసారులకు వండి వడ్డించడం ఆమె బ్రతుకుతెరువై ఉండవచ్చునన్న ఆలోచన పద్యానికి లేదు. కొలువు లేనివాని వేదన, తనకంటె తక్కువ ఆధారంతో బ్రతికేవారిని చూడనీయకపోవడం ఈ పద్యంలోని పరిమితి. ఇది ఆ కాలపు పరిమితి మాత్రమే కాదు. చదువుకొన్నవాని నిరుద్యోగాన్ని గురించిన ఆధునిక రచనలను పరీక్షించడానికి కూడ ఇది ఉపయోగపడే ప్రశ్న.

సరిహద్దు నుంచి చదివితే

చాటువుల విమర్శ ఎక్కువగా వరిపండే డెల్టా ప్రాంతపు రుచిని ప్రమాణంగా తీసుకొన్నది. పల్నాటి మీద చెప్పిన పద్యాల్లో నాపరాళ్ళు, తేళ్ళు, సజ్జకూడు, జొన్నకూడు హాస్యానికి విషయాలయ్యాయి. చింతచిగురు వేసిన వేడి బచ్చలికూరతో జొన్నముద్ద ఒక్కటి మింగి చూపమని కృష్ణునికే సవాలు విసిరిన పద్యం ఈ ధోరణికి పరాకాష్ఠ. పూతన విషాన్ని త్రాగినవానికి సైతం ఈ ముద్ద కష్టమన్నది అందులోని చమత్కారం. వరి అన్నానికి అలవాటుపడిన శ్రోత నవ్వుతాడు. జొన్న తిని బ్రతికే శ్రోత ఏమి చెయ్యాలన్న ప్రశ్న వ్యాఖ్యానాల్లో సాధారణంగా కనిపించదు.

పెద్దతిప్పసముద్రం మండలం 2022 ఏప్రిల్ వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనలో అన్నమయ్య జిల్లాలో చేరింది. కర్ణాటక సరిహద్దును ఆనుకొన్న మెట్టసీమ ఇది. ఊరి పేరు చివర ‘సముద్రం’ ఉన్నది; రాయలసీమలో ఈ పదం చెరువుకు వాచకమై ఊరిపేర్లలో నిలిచింది. బుక్కరాయసముద్రం వంటివి ఇందుకు నిదర్శనాలు. వానమీద ఆధారపడ్డ నేలలో చెరువునే సముద్రమనుకొన్న సీమ ఇది. ఇక్కడ రాగిసంగటి, అంబలి నిత్యాహారం. సరిహద్దు అవతల చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాల పల్లెల్లో తెలుగు విరివిగా వినిపిస్తుంది. ఇవతల కన్నడం పరాయిభాష కాదు. ఈ వైపు నుంచి చదివినప్పుడు కన్నడ రాజ్యలక్ష్మి పద్యంలో విచిత్రంగా చెప్పిన అంబలి విచిత్రం కాదు. హాస్యానికీ జాలికీ ఆధారమైన ఆహారభేదం తొలగిపోతే పద్యంలో మిగిలేది ఏమిటన్నది అప్పుడు పరీక్షకు వస్తుంది.

మిగిలేది పద్యంలో ముఖ్యమైన భాగమే. పరాయి వాకిట నిలబడి, అక్కడి కట్టు కట్టి, అక్కడి తిండి తిని, తన పేరు తానే చెప్పుకొనే మనిషి మిగులుతాడు. పడమటి మండలాల నుంచి బేల్దారి పనికో హోటలు పనికో, చదువుకొన్నవారైతే కంపెనీ ఉద్యోగానికో బెంగుళూరు బస్సెక్కడం ఈనాటి సాధారణ దృశ్యం. రాయచోటి, కడప వైపు నుంచి కువైట్ పోయేవారి దారి ఇంకా దూరం. కొత్త చోట బట్టలు మార్చుకోవడం, పలుకుబడి మార్చుకోవడం, పేరును ఇతరులకు నోరు తిరిగేలా కుదించుకోవడం ఈ ప్రయాణాల్లో అందరూ ఎరిగిన అనుభవం. ఆహారాన్ని బట్టి కాక ఈ అనుభవాన్ని బట్టి చదివితే ఆరువందల ఏళ్ళనాటి చాటువు మెట్టసీమ పాఠకునికి చేరువవుతుంది. ఆయన తిండిని ఎగతాళి చేసిన కవి, ఆయన ప్రయాణాన్ని మాత్రం ముందుగానే నమోదు చేశాడు. ఈ రెండింటినీ కలిపి బోధించడమే న్యాయమైన బోధన.

మధ్యమపురుష: శారదకు ప్రశ్న

రెండో ఘట్టం రాచకొండ. వెలమప్రభువు సింగభూపాలునికి ‘సర్వజ్ఞ’ అన్న బిరుదున్నది. అన్నీ తెలిసిన ప్రభువు ఎదుట తన తెలివిని చూపవలసిన సందర్భంలో చెప్పిన పద్యం శారదను సంబోధిస్తుంది. దక్షిణాధీశుని ముత్యాలశాలలో బంగారు నాణేలతో స్నానం చేయించింది ఆమె. నైషధాన్ని తెలుగుచేసేటప్పుడు పలుకుకు తోడుగా నిలిచింది ఆమె. గౌడడిండిమభట్టు కంచుఢక్కను పగులగొట్టించింది ఆమె. రాయల సన్నిధిలో సార్వభౌమ బిరుదాన్ని పాదుకొల్పింది ఆమె. ఇక ఈ నిండుకొలువులో నన్ను ఎలా మెప్పిస్తావో అన్నది చివరి ప్రశ్న.

దీనిని ఈనాటి మాటల్లో చెప్పాలంటే యోగ్యతల జాబితా. సన్మానం, గ్రంథం, వాదవిజయం, బిరుదు, నాలుగూ ఉన్నాయి. కన్నడ రాజ్యలక్ష్మి పద్యంలో లేని విద్య అంతా ఇక్కడికి వచ్చింది. అయితే ఏ ఒక్క విజయానికీ కర్త కవి కాడు. నాలుగు క్రియల్లో మూడు ప్రేరణార్థకాలు. ఒకటి తోడైనట్లు చెప్పేది. కష్టాలు చెప్పినప్పుడు ‘నేను చేశాను’ అన్నవాడు, విజయాలు చెప్పినప్పుడు ‘నీవు చేయించావు’ అంటాడు. దీనిని భక్తిగా తీసుకోవడంలో తప్పులేదు. అయినా పద్యం సందర్భం పరీక్ష. వెనుకటి విజయాలు తనవేనని చెప్పుకొన్నవానికి ఇవాళ్టి ఓటమి కూడ తనదే అవుతుంది. కర్తృత్వాన్ని దేవతకు అప్పగించినవానికి ఓటమిని పంచుకొనే తోడు దొరుకుతుంది. ప్రశ్నార్థకంతో ముగియడం వల్ల ఆ భయం పద్యంలో నిలిచిపోయింది.

కాశీఖండ అవతారికలోని పద్యంతో పోల్చినప్పుడు ఈ వాదం బలపడుతుంది. అక్కడ కూడ కవి తన రచనలను వరుసగా చెప్పాడు. చిన్ననాట ‘మరుత్తరాట్చరిత్ర’, నూనూగు మీసాల వయసులో ‘శాలివాహన సప్తశతి’, నిండుయౌవనంలో నైషధం, ప్రౌఢవయసులో భీమనాయకుని మహిమ, వయసు వాలకముందే ఇప్పుడు కాశీఖండం. వీటిలో మొదటి రెండూ నేటికి దొరకలేదు. ఇది కూడ యోగ్యతల జాబితాయే. కాని ఇక్కడి క్రియలన్నీ ఉత్తమపురుషలో ఉన్నాయి. శారద ప్రసక్తి లేదు, ప్రశ్న లేదు. పైగా కర్ణాటదేశపు రాజధాని అనే తామరతోటకు తాను సూర్యుణ్ణని కవి చెప్పుకొన్నాడు. ఒకనాడు ఏ రాజ్యలక్ష్మిని దయ లేదా అని అడిగాడో ఆ రాజ్యమే ఇక్కడ అలంకారంగా మారింది. రెండు పద్యాలకూ తేడా సందర్భంలో ఉంది. కాశీఖండం నాటికి వీరభద్రారెడ్డి కొలువు దొరికింది. కొలువు ఖాయమైన చోట సాధించిన విజయాలు ‘నేను’కు చెందాయి, ఖాయం కాని చోట ‘నీవు’కు చెందాయి.

ప్రథమపురుష: బొడ్డుపల్లె, అమరపురి

రాజమహేంద్రవర రెడ్డిరాజ్యం అంతరించిన తరువాత కవి కృష్ణాతీరాన బొడ్డుపల్లెలో భూమిని గుత్తకు తీసుకొని సేద్యం చేశాడని చాటువుల కథనం. పంటను ఏరు తీసుకుపోయింది. మిగిలిన నువ్వులనూ పెసలనూ పిట్టలు తిన్నాయి. ఏడువందల టంకాల పన్ను చెల్లించే దారి లేదు. బాకీపడ్డ రైతుకు విధించే శిక్ష కవికి పడింది.

ఆ శిక్షను చెప్పిన సీసపద్యం నిర్మాణం ప్రత్యేకంగా గమనించదగినది. నాలుగు పాదాల్లో నాలుగు శిక్షలు; ప్రతి శిక్షా ఒక యోగ్యత మీద పడుతుంది. కవిరాజు మెడను ఎండలో పొగడదండ కౌగిలించింది. సార్వభౌముని భుజం మీదికి నగరివాకిటి నల్లగుండు ఎక్కింది. నైషధకర్త పాదాలకు సంకెళ్ళు తగిలాయి. వీరభద్రారెడ్డి విద్వాంసుని ముంజేతికి వెదురుగొడియ వియ్యమందింది. పొగడదండ అన్నది పూలదండకూ శిక్షాసాధనానికీ పేరు కావడం వల్ల సత్కారానికి వాడవలసిన భాష శిక్షకు వచ్చింది. కౌగిలి, వియ్యం అన్న మాటలూ అంతే.

శారద పద్యంతో దీనికున్న సంబంధం యాదృచ్ఛికమైనది కాదు. అక్కడి నాలుగు యోగ్యతల్లో రెండు, సార్వభౌమ బిరుదు, నైషధ రచన, ఇక్కడ పేరుతో సహా తిరిగి వచ్చాయి. కొలువు అడిగేటప్పుడు సమర్పించిన జాబితాయే శిక్ష వేసేటప్పుడు కొలబద్ద అయింది. పన్ను వసూలు చేసేవానికి బాకీ ఉన్న ప్రతి రైతూ ఒకటే. సార్వభౌముడన్న మాటకు అక్కడ బరువు లేదు. ఆ బరువు లేనితనాన్ని రాతిగుండు బరువుతో చెప్పడం పద్యంలోని విషాదం. క్రియల కర్తలు మారాయి. కౌగిలించినది దండ, ఎక్కినది గుండు, తగిలినవి సంకెళ్ళు. ఆ నాలుగు పాదాల్లో ‘నేను’ లేదు, ‘నీవు’ లేదు. మనిషి మెడగా, భుజంగా, పాదాలుగా, ముంజేయిగా విడిపోయి వస్తువుల చేతికి చిక్కాడు.

చివరి చాటువులో కవి తన పేరునే ప్రథమపురుషలో చెబుతాడు. తనను పోషించినవారు ఒక్కొక్కరే మరణించారు. రత్నాంబరాలు ఏ రాజు ఇస్తాడు, దినవెచ్చం ఎవరు తీరుస్తారు, కస్తూరికి ఎవరిని పొగడాలి, బంగారుపళ్ళెంలో అన్నం ఎవరి పంక్తిలో దొరుకుతుంది అన్నవి ప్రశ్నలు. దుఃఖపద్యంగా ప్రసిద్ధమైన దీనిలో జీతభత్యాల వివరం ఇంత నిర్దిష్టంగా ఉండటం గమనార్హం. బట్ట, బత్తెం, సుగంధం, భోజనం ఒక్కొక్కటీ ఒక్కొక్క దాతతో కలిసి పోయాయి. ముగింపులో దేవలోకపు కవుల గుండెలు దిగ్గుమంటుండగా శ్రీనాథుడు అమరపురికి బయలుదేరాడు. మరణాన్ని పద్యం మరొక కొలువుకు ప్రయాణంగా చెప్పింది. అక్కడి ఆస్థానకవులు తమ పదవులు పోతాయని భయపడుతున్నారు. కవి పోటీలో ఇంకా ఉన్నాడు. ఈ హాస్యంలో అపజయం అంగీకరించని మనిషి పట్టుదల ఉంది. వెదుకులాట ప్రాణంతో పాటే ముగుస్తుందన్న ఎరుక కూడ ఉంది.

నిరాకరించిన కవులు, వెదికిన కవి

తెలుగు సంప్రదాయం శ్రీనాథునికి ఎదురుగా పోతనను నిలిపింది. ఇద్దరూ బావమరదులన్న కథకు చారిత్రకబలం తక్కువ. అయినా అది చెరగలేదు. భాగవతాన్ని కర్ణాట ప్రభువులకు అమ్మనని కంటనీరు పెట్టిన సరస్వతికి పోతన అభయమిచ్చిన చాటువు ఆ కథకు ఆయువుపట్టు. రెండు చాటువులనూ పక్కపక్కన పెడితే ఒకరు కన్నడ రాజ్యలక్ష్మిని తల్లీ అన్నారు; మరొకరు అదే దిక్కుకు తల్లిని పంపనన్నారు. ఈ సాదృశ్యం వల్లనే నీతిని నిర్ణయించడం సులువైంది. తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) సాళువ నరసింహరాయని మీద పదం చెప్పడానికి నిరాకరించి సంకెళ్ళ పాలైనట్లు ఆయన మనుమడు చిన్నన్న రచించిన ‘అన్నమాచార్య చరిత్రము’ చెబుతుంది. కృష్ణరాయల ఆస్థానంలో ఉన్నట్లు చెప్పే ధూర్జటి ‘కాళహస్తీశ్వర శతకం’లో రాజసేవను నిందించాడు. ఒకరు అమ్మలేదు, ఒకరు పాడలేదు, ఒకరు చేసి వగచారు. ముగ్గురికీ ఆత్మగౌరవపు కవులన్న పేరు దక్కింది.

ఈ గౌరవం న్యాయమైనదే. అయితే నిరాకరణకు ఒక ఆధారం కావాలన్నది కూడ ఈ కథల్లోనే ఉంది. పోతనకు కథ ఒక మడిచెక్కను, నాగలిని ఇచ్చింది. అన్నమయ్యకు తిరుమల కొండ ఉంది. ఆయన వంశం ఆలయాన్ని ఆశ్రయించి తరతరాలు నిలిచింది. ఆ సంకీర్తనలు రాగిరేకులకెక్కి భద్రపడ్డాయి. శ్రీనాథునికి కథ ఇచ్చిన నేల గుత్తకు తీసుకొన్నది, అదీ ఏటిపాలైంది. సొంత సేద్యం పోతనకు కీర్తి తెచ్చింది. గుత్త సేద్యం శ్రీనాథునికి శిక్ష తెచ్చింది. ఇద్దరినీ పోల్చి స్వభావభేదం చెప్పిన విమర్శ, ఆధారభేదాన్ని కూడ చెప్పవలసి ఉంది. సంకెళ్ళు అన్నమయ్యకూ పడ్డాయి, శ్రీనాథునికీ పడ్డాయి. నిరాకరించినందుకు పడ్డ సంకెళ్ళు మహిమ కథగా నిలిచాయి. చెల్లించలేక పడ్డ సంకెళ్ళు భోగలాలసతకు దొరికిన ఫలంగా వ్యాఖ్యానమయ్యాయి.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, శ్రీనాథుని పేర ఉన్న చాటువుల్లో వ్యాకరణపురుష కొలువుతో కవికున్న సంబంధాన్ని బట్టి మారుతుంది. వెదికేటప్పుడు లొంగుబాట్లకు కర్త ‘నేను’. పరీక్షలో విజయాలకు కర్త ‘నీవు’. పతనంలో కవి ప్రథమపురుష. కర్తృత్వం ఎవరిదైనా ఈ నిర్మాణం పద్యాల్లో ఉన్నది కనుక, కర్తృత్వ వివాదం దీనిని ప్రభావితం చేయదు. రెండు, ఈ పద్యాల్లోని ఆహారహాస్యాన్ని సార్వత్రికమైన రుచిగా కాక ఒక సీమకు, ఒక స్థాయికి చెందిన రుచిగా గుర్తించాలి. రాగి, జొన్న తిని పెరిగిన విద్యార్థులున్న తరగతిగదిలో ఇది బోధనకు సంబంధించిన బాధ్యత. మూడు, ఆశ్రయాన్ని నిరాకరించిన కవులతో పోల్చి వెదికిన కవిని తక్కువచేసే పద్ధతి, నిరాకరణకు అవసరమైన భూమినీ భద్రతనూ లెక్కలోకి తీసుకోలేదు.

పెద్దతిప్పసముద్రం నేడు ఉన్న జిల్లాకు సంకెళ్ళకు వెరవక నిరాకరించిన కవి పేరు పెట్టారు. ఆ జిల్లా పల్లెల నుంచి పని వెదుక్కుంటూ తెల్లవారుజామున బయలుదేరేవారి అనుభవానికి దగ్గరగా ఉన్నవి మాత్రం వెదికిన కవి పద్యాలు. ఒక సమాజానికి రెండు రకాల పూర్వికులూ అవసరమే. మొదటివారిని సాహిత్యచరిత్ర చక్కగా కాపాడుకొన్నది. రెండోవారి పద్యాలను చమత్కారాల పుటలనుంచి తీసి, పని లేని మనిషి చెప్పిన మాటలుగా పాఠ్యప్రణాళికల్లో చేర్చవలసిన పని మిగిలి ఉంది.